బాపు బెల్టు, నా ఫ్లాట్ బ్యాండు

మాది సూరత్‌లోని లింబాయత్. కరీంనగర్ జిల్లా నుంచి సాంచాల పనికి వచ్చిన పద్మశాలి కుటుంబం. నలభై ఏళ్ళు సాంచాల ముందు నిలబడి బాపు మోకాళ్ళు అరిగిపోయాయి. ఎవరో చెబితే అయస్కాంతం బెల్టు కొన్నాడు.

"నొప్పి తగ్గిందిరా" అన్నాడు. అది రుజువు కాదని అరగంట ఉపన్యాసమిచ్చాను. హేతువాదిని కదా!

2023 జూలైలో నా వంతు వచ్చింది. దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు కొందరు, ఎల్‌కే-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రత దగ్గరే సూపర్ కండక్టర్ అన్నారు. అయస్కాంతం మీద సగం లేచిన నల్లటి ముక్క వీడియో చూశాను. కొద్ది రోజులకే అమెరికాలో సినేడ్ గ్రిఫిన్ కంప్యూటర్ లెక్క వచ్చింది: అందులో ఫ్లాట్ బ్యాండ్లు ఉన్నాయట.

ఫ్లాట్ బ్యాండ్ అంటే? మామూలు లోహంలో ఎలక్ట్రాన్ ద్రవ్యవేగం మారితే శక్తీ మారుతుంది. ఫ్లాట్ బ్యాండ్‌లో దాదాపు మారదు. పరుగుకు విలువ పోయి, ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణదే పైచేయి అవుతుంది. అప్పుడు వాటి స్పిన్లన్నీ ఒకే వైపు తిరిగి అయస్కాంతం కావచ్చు. కదలక బంధకం కావచ్చు. సూపర్ కండక్టరూ కావచ్చు. 1.1 డిగ్రీలు మెలితిప్పిన రెండు గ్రాఫీన్ పొరల్లో ఫ్లాట్ బ్యాండ్లు ఉంటాయని 2011లో లెక్క చెప్పింది. 2018లో ఎంఐటీ ప్రయోగంలో సూపర్ కండక్టివిటీ కనబడింది.

గ్రిఫిన్ సూపర్ కండక్టర్ అని తేల్చలేదు. రాగి అణువులు ఫలానా చోట కూర్చుంటే ఇలా ఉంటుందని లెక్క చెప్పింది, అంతే. మిగతాది నేనే కలుపుకున్నాను. "ఇది సైన్స్ బాపూ" అన్నాను.

ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ వాళ్ళు ఆ పదార్థం తయారుచేసి చూశారు. సూపర్ కండక్టివిటీ లేదు. నిరోధం హఠాత్తుగా పడిపోవడానికి కారణం అందులో మలినంగా ఉన్న కాపర్ సల్ఫైడ్ అని ఇతర ప్రయోగాల్లో తేలింది. సగం లేవడం మామూలు అయస్కాంత గుణమే. శుద్ధమైన స్ఫటికం బంధకం!

బాపుకు చెప్పాను, తప్పు నాదేనని.

ఆయన నవ్వలేదు. "నీ దాన్ని నెలలో తేల్చిండ్రు. నా బెల్టూ తీసి చూద్దాం" అని పది రోజులు పక్కన పెట్టాడు. నొప్పి పెరగలేదు, తగ్గలేదు. ఒక్క మనిషి మీద పది రోజుల పరీక్ష రుజువు కాదని నాకు తెలుసు. అయినా ఈసారి ఉపన్యాసమివ్వలేదు. పరీక్షకు తానే దిగిన మనిషికి నేను చెప్పేదేముంది?