గట్టర్ వెనక చెక్క

అమెరికాలో, ఎడిసన్‌లోని మా ఇంటికి వచ్చిన మూడో రోజే నాన్న పెరట్లో నిలబడి చూరు వంక చూశారు. "ఏరా, అక్కడ రంగు ఉబ్బిందేం?" అన్నారు. కోనసీమ పెంకుటింట్లో ఏటా వాసాలు తట్టి చూసుకున్న మనిషి. ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లం స్కూలు చూస్తాం, తూర్పు ముఖమా అని చూస్తాం. చూరు చూడాలని నాకు ఎవరూ చెప్పలేదు.

నిచ్చెన వేసి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే నానిన అట్టలోకి దిగినట్టు దిగింది. చూరు నీళ్లు పట్టే గట్టర్ మేకు చేత్తో లాగితే వచ్చేసింది. వాసాల కొసలకు అడ్డంగా కొట్టే ఆ చెక్కను ఇక్కడ ఫేసియా అంటారు. గట్టర్ బరువంతా దానిదే.

మా ఊళ్లో చూరు నీళ్లు ధారలుగా వాకిట్లో పడేవి. తడిసిన చెక్కను మర్నాటి ఎండా గాలీ ఆరబెట్టేవి. ఇక్కడ గట్టర్‌ను చెక్కకే ఆనించి బిగిస్తారు కాబట్టి వెనక చేరిన తడి ఆరదు. తేమ 20 శాతం లోపుంటే చెక్క పుచ్చదు. 30 దగ్గర నిలిచిపోతే శిలీంధ్రం తినడం మొదలెడుతుంది.

గట్టర్ నిండా ఓక్ ఆకులు. అవి తీసేస్తే చాలనుకున్నాను. నాన్న ఒప్పుకోలేదు, గొట్టంతో కప్పు మీద నీళ్లు పోయించారు. గిన్నెను నెమ్మదిగా వంచితే నీళ్లు అంచు పట్టుకుని గిన్నె వెనకగా కారతాయే, అలాగే కప్పు మీద పరిచిన షింగిల్ అంచు నుంచి నీరు వెనక్కి తిరిగి చెక్క మీదికి జారింది. దాన్ని ఆపే రేకు, డ్రిప్ ఎడ్జ్, మా ఇంటికి లేనే లేదు. ఇల్లు 1984 నాటిది. ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ షింగిల్ కప్పులకు ఆ రేకును తప్పనిసరి చేసింది 2012 కూర్పులో.

బాగుచేయడానికి మొదట వచ్చినతను పుచ్చిన చెక్క మీదే అల్యూమినియం చుట్టేస్తానన్నాడు. పుండు మీద పట్టీ వేసినట్టే అది, లోపలి తడి లోపలే ఉంటుంది. వద్దన్నాను. రెండో అతను గట్టర్ దింపి, గట్టి చెక్క తగిలేదాకా కోశాడు. మెత్తబడ్డ వాసానికి పక్కన కొత్త కట్టె జోడించాడు. కొత్త చెక్కకు అన్ని వైపులా, ముఖ్యంగా కోసిన కొసలకు, ప్రైమర్ పూశాడు. నీళ్లు ఎక్కువ తాగేది కొసలే. షింగిల్స్ కిందికి రేకు దూర్చి, దాని అంచు గట్టర్ లోపలికి వచ్చేలా వంచాడు. గట్టర్‌కు 10 అడుగులకు పావు అంగుళం వాలు పెట్టాడు.

ఆ వారంలోనే పెద్ద వాన. తెల్లారి నిచ్చెన ఎక్కి గట్టర్ వెనక వేళ్లు దూర్చి చూశాను.

"పొడిగా ఉంది నాన్నా."

"అటు చివర కూడా చూడు," అన్నారు నిచ్చెన పట్టుకుని.