డెబ్బదియేండ్ల బండి

కారునకు ఆయుర్దాయమెంత? దానిని తయారుచేసిన దేశముననే అడిగినచో పదునైదు, మహా అయిన ఇరువది యేండ్లని చెప్పుదురు. ఆ పిమ్మట అది తుక్కు దుకాణమునకు చేరును. లేదా ధనికుడైన యొక వేడుకకాని యింట గుడ్డ కప్పుకొని నిదురించును. కాని అమెరికా దక్షిణ తీరమునకు సుమారు 150 కిలోమీటర్ల దూరమున, సముద్రమునకు ఆవల నున్న క్యూబా ద్వీపమున డెబ్బదియేండ్ల అమెరికా కార్లు నేటికిని పనిలోనికి పోవుచున్నవి. షెవ్రొలే, ఫోర్డు, బ్యూక్, ప్లిమత్, పాంటియాక్, కాడిలాక్ మున్నగు పేర్లన్నియు హవానా నగరపు వీథులలో కనబడును. వీనిలో ప్లిమత్ అను పేరు 2001లోను, పాంటియాక్ అను పేరు 2010లోను వ్యాపారమునుండి అంతరించినవి. పేరు పెట్టినవారు పోయిరి. బండ్లు మాత్రము నడచుచున్నవి.

ఇవి అచటికి వచ్చిన వృత్తాంతము పెద్దదేమియు కాదు. 1950 ప్రాంతమున క్యూబాలో చక్కెర వ్యాపారము ముమ్మరముగా నుండెను. కలవారికి అమెరికా వస్తువులన్న మోజు మెండు. డెట్రాయిట్ నగరమున క్రొత్త నమూనా వెలువడిన కొలది కాలమునకే అది ఓడనెక్కి హవానా రేవున దిగెడిది. ఆనాటి అమెరికా కారు రథము వంటిది. దాని పొడవు ఐదు మీటర్లు, బరువు సుమారు ఒకటిన్నర టన్ను, ఒడలినిండ వెండివలె మెరయు క్రోమియపు పూత. వెనుక భాగమున చేపకు వలె రెండు రెక్కలు లేచియుండెడివి. యుద్ధవిమానపు తోకను చూచి కాడిలాక్ వారు 1948లో ఆరంభించిన యీ వేడుక 1959 నాటికి పరాకాష్ఠకు చేరినది. ఆ రెక్కలవలన బండి యెగురదు, వేగమును పెరుగదు. అయినను జనులు వానిని చూచియే కొనిరి.

లోపలి యంత్రము మాత్రము వట్టి ఆడంబరము కాదు. 1949లో ఓల్డ్స్‌మొబీల్ వారు 88 అను తమ తేలికపాటి బండికి క్రొత్త వి-8 ఇంజను నమర్చిరి. వరుసకు నాలుగు చొప్పున రెండు వరుసల సిలిండర్లు ‘వి’ అను ఆంగ్లాక్షరపు ఆకృతిలో నిలిచియుండుటచే దానికా పేరు. 1955లో షెవ్రొలే వారును 4.3 లీటర్ల వి-8ను తెచ్చిరి. చిన్న ఒడలికి పెద్ద గుండె నమర్చు ఈ పద్ధతియే తరువాతి కాలమున ‘మజిల్ కారు’, అనగా కండగల బండి, అను జాతికి మూలమైనది. ఆ జాతిలో తొలిదిగా పలువురు చెప్పు పాంటియాక్ జి.టి.ఓ. 1964 నమూనాగా వెలువడెను. అప్పటికి క్యూబాకు త్రోవ మూతపడినది. కావున హవానాలో నున్నవి ఆ కండగల బండ్లు కావు, వాని తాతలు.

త్రోవ మూతపడిన విధము చరిత్ర పుస్తకములలో నున్నదే. 1959 జనవరి 1వ తేదీన నియంత బతిస్తా దేశము విడిచి పారిపోగా, ఫిడెల్ కాస్ట్రో నాయకత్వమున విప్లవకారులు అధికారమునకు వచ్చిరి. అమెరికా సంస్థల ఆస్తులను క్రొత్త ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. 1960 అక్టోబరులో ఆహారము, మందులు తప్ప తక్కిన ఎగుమతులను అమెరికా నిషేధించెను. 1962 ఫిబ్రవరిలో దాదాపు వ్యాపారమంతటిని నిలిపివేసెను. నాటినుండి క్రొత్త కార్ల మాట అటుంచి, ఒక్క సీల గాని, ఒక్క బేరింగు గాని డెట్రాయిట్ నుండి తిన్నగా వచ్చు మార్గము లేకపోయెను. ఇరుదేశముల వాదములలోని తప్పొప్పులు వేరుమాట. బండిగలవాని కష్టము బండిగలవానిది.

దీనికి తోడు క్యూబాలో ఒక చట్టముండెను. విప్లవమునకు పూర్వమునుండి దేశమున నున్న కార్లను మాత్రమే ప్రజలు తమలో తాము స్వేచ్ఛగా కొనవచ్చును, అమ్మవచ్చును. తరువాత వచ్చిన బండ్లకు ఆ స్వేచ్ఛ లేదు. ఈ నియమము 2011లో గాని సడలలేదు. అర్ధశతాబ్దము పాటు సామాన్యుడు అడ్డులేక కొని అమ్ముకొనగల కారు పాత అమెరికా కారు ఒక్కటే. అందుచేత అది తుక్కు కాలేదు, ఆస్తి అయినది. తాతనుండి తండ్రికి, తండ్రినుండి కొడుకునకు పొలమువలె సంక్రమించినది.

ఇక దానిని పోషించుట యెట్లు? మొదట చచ్చిన బండ్ల భాగములతో బ్రతికిన బండ్లను నడిపిరి. ఆ నిలువ తరిగిన పిమ్మట సోవియట్ దేశమునుండి వచ్చిన లాడా, మాస్క్విచ్, వోల్గా బండ్ల భాగములు అక్కరకు వచ్చినవి. 1991లో సోవియట్ రాజ్యము కూలుటతో ఆ వనరును సన్నగిల్లెను. మయామీ నగరమున స్థిరపడిన బంధువు సెలవులకు వచ్చునపుడు పెట్టెలో బట్టల నడుమ ఒక కార్బురేటరును దాచి తెచ్చినచో ఆ యింట పండుగయే. బంధువులు లేనివానికి మిగిలినది చేతిపని యొక్కటే.

హవానాలో నొక పాత షెవ్రొలే మూతయెత్తి చూచినచో దాని పూర్వోత్తరములు తెలియును. పెక్కు బండ్లలో వి-8 స్థానమున జపాను దేశపుదో, కొరియా దేశపుదో డీజిలు ఇంజను కూర్చుండియుండును. పెట్రోలు త్రాగుటలో వి-8 కుంభకర్ణుడు. టాక్సీ నడిపి పొట్టపోసికొనువాడు దానిని భరింపజాలడు. కాని ఇంజను మార్చుట చెప్పులు మార్చుట వంటిది కాదు. క్రొత్త ఇంజను పాత గేరుపెట్టెకు పొందదు. రెంటి నడుమ దళసరి ఇనుపపలకను కోసి, కొలత తప్పకుండ రంధ్రములు తొలిచి, అతుకుపలకగా బిగింపవలెను. వెంట్రుకవాసి తేడా వచ్చినను బండి వణకును, కొలది దినములలో బేరింగు పోవును. బరువైన ఇంజనునకు ముందరి స్ప్రింగులు క్రుంగును, వానిని గట్టిపరుపవలెను. డీజిలు ఇంజను పెట్రోలు ఇంజనంత వడిగా తిరుగదు గావున, వెనుక ఇరుసునందలి పండ్లచక్రములను గూడ మార్చవలసివచ్చును. మార్చనిచో బండి అరచును గాని సాగదు. 1954 వరకు వచ్చిన షెవ్రొలేలలో విద్యుత్తు 6 వోల్టులది. అట్టి బ్యాటరీ దొరకనపుడు 12 వోల్టులకు మారవలెను. మారిన పిదప దీపపు బుడ్లు మొదలు డైనమో వరకు అన్నింటిని చూచుకొనవలెను.

ఈ విద్యలో ప్రధానపురుషుడు లేతు పనివాడు. స్పానిష్ భాషలో వానిని ‘తొర్నేరో’ అందురు. విరిగిన భాగమును తెచ్చి చేతిలో పెట్టినచో, కొలిచి చూచి, ఇనుపకడ్డీ నుండి దాని తోబుట్టువును చెక్కి యిచ్చును. అల్యూమినియపు తుక్కును కరగించి పిస్టన్లు పోతపోయుదురు. రబ్బరు బుష్షులను పాత టైర్ల నుండి కోయుదురు. బ్రేకు నూనె దొరకని దినములలో సబ్బునీరును, తలంటుకొను షాంపూను పోసి నడిపినవారును ఉండిరి. ఈ చివరి చిట్కా మెచ్చదగినది కాదు. బ్రేకు వేడెక్కినపుడు నీరు ఆవిరియగును, ఆవిరి నొక్కుడుపడును, పెడలు నేలకంటును, బండి ఆగదు.

యంత్రమునకు మందు కలదు గాని ఒడలికి పట్టు వ్యాధి మొండిది. హవానాలో సముద్రపుటొడ్డున ‘మలెకాన్’ అను రహదారి సుమారు 8 కిలోమీటర్ల పొడవున సాగును. గాలి రేగిన దినమున అలలు అడ్డుగోడను దాటి దారిమీద విరుచుకొని పడును. ఆ ఉప్పునీరు తలుపుల అడుగునను, చక్రములపై కమానులలోను చేరి నెమ్మదిగా ఇనుమును తినివేయును. తుప్పు పట్టినంత మేర కోసివేసి, క్రొత్త రేకును సుత్తితో పాత వంపునకు తెచ్చి అతికి, పుట్టీ పట్టించి, గరుకుకాగితముతో రుద్ది రంగు వేయవలెను. మన యూళ్లలో టింకరింగు పని యనునదియే యిది. ఏటేట జరుగు ఈ పనిలో మనుష్యుని మోచేతులరుగునే గాని తుప్పు ఓటమి నొప్పుకొనదు.

ఇన్ని మార్పులు జరిగిన పిమ్మట అది యే దేశపు కారు? ఇంజను కొరియాది, గేరుపెట్టె రష్యాది, పిస్టన్లు పొరుగువీథిలో పోసినవి. అయినను యజమాని దానిని 55 షెవ్రొలే అనియే పిలుచును. కామ రెండుమార్లు, గొడ్డలి మూడుమార్లు మార్చి, ఇది మా తాతగారి గొడ్డలి యనువానివలె నున్నదని నవ్వవచ్చును. ఇతరదేశములందు పాతకార్లు సేకరించు శ్రీమంతులు ఈ మాటకు ఒప్పుకొనరు. వారికి ప్రతి మేకును తొలినాటిదై యుండవలెను. వారి లెక్కలో హవానా బండి విలువ స్వల్పము. వారి బండ్లు ఆదివారములందు వాహ్యాళికి పోవునవి, ఇవి కుటుంబమునకు అన్నము పెట్టునవి. రెంటిని ఒకే త్రాసున తూచుట న్యాయము కాదు.

అన్నము పెట్టు విధము తెలిసికొనదగినది. ఈ బండ్లకు ప్రజలు పెట్టుకొనిన పేరు ‘అల్మెండ్రోన్’, అనగా పెద్ద బాదంకాయ. గుండ్రని ఒడలిని బట్టి ఆ పేరు వచ్చినది. అది నిర్ణీతమైన దారిలో పోవుచు, చేయి చాచినవారి నెక్కించుకొని, అడిగినచోట దించును. బస్సులు చాలని నగరమునకు ఇది పెద్ద ఆధారము. తోలువానిని ‘బొతేరో’ అందురు. దిగు ప్రతివానితోను అతడు తలుపు మెల్లగా వేయుమని ప్రార్థించును. ఆ తలుపు ఎన్ని అతుకులతో నిలిచియున్నదో అతనికే తెలియును. ప్రభుత్వపు జీతము చాలక వైద్యులును, ఇంజనీరులును తమ వృత్తిని వదలి ఈ పనిలో చేరుట కద్దు. అది ఆ దేశమునకు లాభమని చెప్పుట కష్టము.

మరికొన్ని బండ్లు విదేశయాత్రికులకై అలంకరింపబడినవి. గులాబి, పసుపు, ఆకాశనీలి రంగులతో మెరయుచు అవి పెద్ద హోటళ్ల ముంగిట బారులు తీరియుండును. పైకప్పు లేని బండియన్న యాత్రికులు ఎక్కువ సొమ్మిత్తురని, ఉన్న పైకప్పును కోసివేసినవారును కలరు. పైకప్పు పోయిన బండికి నడుము బలము తగ్గును. అడుగున ఇనుపదూలములు అతికి ఆ లోటు తీర్పవలెను.

పాత బండి గట్టిదని పెద్దలు చెప్పుదురు. 2009లో అమెరికాలో రహదారి భద్రతను పరిశోధించు బీమా సంస్థ 1959 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవ్రొలే మాలిబును గంటకు సుమారు 64 కిలోమీటర్ల వేగమున ఎదురెదురుగా ఢీకొట్టించి చూచెను. క్రొత్త బండిలోని మనిషిబొమ్మకు కాలికి మాత్రము స్వల్పముగా గాయము కాగలదని తేలినది. పాతదానిలోని వాడు బ్రతుకుట అసాధ్యము. దాని రేకు దళసరియే. కాని ఆ దెబ్బను మ్రింగగల నిర్మాణము గాని, ఆపు పట్టీలు గాని, గాలిసంచులు గాని దానిలో లేవు. దానికి తోడు పాత డీజిలు ఇంజనుల పొగ హవానా వీథులలో నల్లగా వ్రేలాడుచుండును. ఈ సంగతి యజమానులెరుగనిది కాదు. 2014లో అనుమతిపత్రము లేకయే క్రొత్త కారు కొనవచ్చునని ప్రభుత్వము ప్రకటించినపుడు, ప్యూజో 508 అను మధ్యతరగతి కారునకు నిర్ణయించిన వెల సుమారు 2,62,000 డాలర్లు. నెలకు ఇరువది డాలర్లు సంపాదించువాడు ఆ వెలను చదివి, ఇంటికి వచ్చి, తన పాత బండి క్రింద దూరి పానా చేతబట్టెను.

2024 మార్చి 1వ తేదీన సాధారణమైన పెట్రోలు వెల లీటరునకు 25 పెసోల నుండి 132 పెసోలకు పెరిగినది. వెల యిచ్చుటకు సిద్ధపడినను దొరకు దినములు తక్కువ. బంకు వద్ద బండ్ల వరుస వీథి మలుపు దాటి సాగును. కొన్నిమార్లు రాత్రియు అచటనే గడచును. వరుస కదలినప్పుడెల్ల ఇంజను నడిపినచో ఉన్న నాలుగు చుక్కలును ఖర్చగును. అందుచేత తండ్రి కిటికీగుండ చేయి దూర్చి స్టీరింగు పట్టుకొనును. కొడుకు వెనుక రెక్కలమీద చేతులూని ముందునకు త్రోయును. వెనుక బండివాడు వచ్చి అతనికి భుజమిచ్చును. తరువాత ముగ్గురును కలిసి ఆ వెనుక బండిని త్రోయుదురు.