గంగమ్మకు నేనేసిన మార్కులు

మొన్న సెమిస్టర్ సెలవులకు ఊరికి పోయేటప్పటికి నా ల్యాప్‌టాప్‌లో 23 మంది దేవుళ్ళు ఉన్నారు. ఎక్సెల్ షీట్‌లో, వరసకు ఒకరు. పేరు, దేనికి అధిపతి, ఆయుధం, వాహనం, బలం, బలహీనత, చివరి గడిలో వందకు మార్కులు.

కథ ఏమిటంటే, మేం నలుగురం హాస్టల్లో ఒక గేమ్ చేస్తున్నాం. ఒకడు కోడ్, ఒకడు బొమ్మలు, ఒకమ్మాయి కథ. నాకు మిగిలింది దేవుళ్ళు. "మీ సీమలో అడుక్కో దేవుడు కదా, ఆ డిపార్ట్‌మెంట్ నువ్వే చూసుకో" అన్నారు. మాది లింగాల, పులివెందుల పక్కన. వాళ్ళు ఎగతాళికే అన్నారు గానీ, నేను సీరియస్‌గానే తీసుకున్నాను. మిడ్ ఎగ్జామ్స్‌కి కూడా అంత చదవలేదు.

ముందు పెద్దవాళ్ళు ఎట్లా చేశారో చూశాను. టోల్కీన్ సిల్మరిలియన్‌లో (ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1977లో అచ్చయింది) ముందు ఒక్కడే దేవుడు, ఆయన పుట్టించిన వాళ్ళంతా కలిసి పాట పాడితే ఆ పాటలోంచి లోకం వస్తుంది. అందులో ఒకడు తన సొంత రాగం దూర్చి పాడు చేస్తాడు. అంతకు చాలా ముందే, 1905లో, డన్సనీ అనే ఐర్లండ్ రచయిత గాడ్స్ ఆఫ్ పెగానా అని చిన్న పుస్తకం రాశాడు. మొత్తం కల్పించిన దేవుళ్ళే. అందులో పెద్ద దేవుడు చిన్న దేవుళ్ళను చేసి నిద్రపోతాడు. స్కార్ల్ అని ఒకడు ఆయన ముందు కూర్చుని డోలు కొడుతూనే ఉంటాడు. ఆ డోలు ఆగితే పెద్దాయన లేస్తాడు, లేస్తే ఈ లోకాలూ ఉండవు, దేవుళ్ళూ ఉండరు. ఇది చదివి నాకు ఒక రాత్రి నిద్ర పట్టలేదు.

గేమ్స్ ఆడేవాళ్ళకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెలిసే ఉంటుంది. వాళ్ళు 1980లో డెయిటీస్ అండ్ డెమిగాడ్స్ అని పుస్తకం వేశారు. గ్రీకు దేవుళ్ళతో పాటు మన ఇంద్రుడు, వరుణుడు, యముడు కూడా అందులో ఉన్నారు, ఒక్కొక్కరికీ హిట్ పాయింట్లతో. అంటే ఎన్ని దెబ్బలు తగిలితే చస్తారో లెక్క. నా మార్కుల గడికి ధైర్యం అక్కడిదే.

తెలుగులో వెతికితే మాత్రం వింతగా అనిపించింది. మనవాళ్ళు రాజ్యాలను కల్పిస్తారు, రాక్షసులను కల్పిస్తారు, బాహుబలిలో కాలకేయులకు ఏకంగా కొత్త భాష పెట్టారు. దేవుడి దగ్గరికొచ్చేసరికి మాత్రం శివలింగమే. కల్కి 2898 ఏడీ పేరులోనే ఎనిమిది వందల చిల్లర ఏళ్ళ తర్వాతి సంవత్సరం ఉంది, అందులోనూ అశ్వత్థామే నడిచొస్తాడు. 1951 నాటి పాతాళ భైరవి కాలం నుంచీ చూసినా, కొత్త దేవుణ్ణి పుట్టించాలని మనవాళ్ళకు పెద్దగా పట్టినట్టు లేదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి మకర దేవత లాంటి సీరియల్స్ ఉన్నాయి గానీ, అవి తక్కువ. మనకు ఊహ లేదా అని కొంచెం సిగ్గుపడ్డాను కూడా. నేను పూరించాల్సిన ఖాళీ ఇదే అనుకుని 23 మందిని పుట్టించాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఇంటికి పోయిన రెండో రోజు జేజి మంచం పక్కన కూర్చుని షీట్ తెరిచాను. జేజి ఆరు నెలల కిందట బాత్రూమ్‌లో జారి పడింది, తుంటి ఎముక. అప్పటినుంచి మంచమే. పొద్దు పోవడానికి ఏదో ఒకటి చెప్పమంటుంది. సరే, నా దేవుళ్ళను చదివి వినిపించాను. అగ్నికేతు, నిప్పుకు అధిపతి, రెండు తలల గొడ్డలి, బలం 92.

జేజి మొత్తం విని అడిగింది.

"ఆయప్పకు ఏ వారం రా?"

వారం పెట్టలేదు.

"ఏం పెడతారు నైవేద్యం? పొంగలా, పొట్టేలా?"

అదీ లేదు.

"అక్కచెల్లెండ్లు ఎంతమంది? యా ఊరి ఆడబిడ్డ పెండ్లాము?"

నేను రెండో దేవుడికి పోయాను. అవే ప్రశ్నలు. మూడో దేవుడికీ అవే. జేజి ఎగతాళి చేయట్లేదు. కొత్త సంబంధం గురించి ఆరా తీసినట్టు అడుగుతోంది. ఆమెకు తెలిసిన దేవుళ్ళందరికీ చుట్టాలున్నారు. ఉగాది నాడు దేవుని కడపకు ముస్లిములు కాయా కర్పూరం తీసుకుని వస్తారు కదా, ఎందుకంటే బీబీ నాంచారి వాళ్ళ ఆడబిడ్డ, వెంకటేశ్వరస్వామి వాళ్ళ అల్లుడు. కొత్త సంవత్సరం నాడు అల్లుడి ఇంటికి పోవడమే. జేజికి అది వింత కాదు, మర్యాద. నా అగ్నికేతుకు గొడ్డలి ఉంది, అత్తగారిల్లు లేదు.

చివరికి తప్పించుకోవడానికి డన్సనీ కథ చెప్పాను, డోలు ఆగితే లోకం పోతుందని. ఇది మాత్రం ఆమెకు బాగా నచ్చింది. కాసేపు పైకప్పు చూసి అనింది, "మరి ఆ డోలు కొట్టేటాయప్పకు కూలి ఎవరిస్తారు రా?"

నేను ఇంగ్లీషులో ఆ పుస్తకం మీద వచ్చిన వ్యాసాలు నాలుగైదు చదివాను. ఈ మాట ఎవరూ అడగలేదు. మా ఊరి జాతరకు తప్పెట కొట్టేవాళ్ళను నేను చిన్నప్పటినుంచి చూస్తున్నాను. రాత్రంతా కొట్టి, తెల్లారి గుడి బయట నిలబడి లెక్క అడుగుతారు. వాళ్ళు ఆపితే అమ్మవారు కదలదు. వాళ్ళు గుడిలోకి రావడానికి మాత్రం ఎన్నో ఆలోచనలు. నా షీట్‌లో డోలు కొట్టేవాడికి వరస కూడా లేదు.

ఇంతవరకు సరదాగానే ఉంది. తర్వాతిది చెప్పడానికి కొంచెం కష్టంగా ఉంది.

నా 23 మందిలో నీరాంబ అని ఒకామె. భూమి కింది నీళ్ళకు అధిదేవత. ఆయుధం లేదు. బలం: దాక్కోవడం. బలహీనత అన్న గడిలో నేను రాసింది: ఆశపెట్టి మోసం చేస్తుంది. మార్కులు 31. అందరికంటే తక్కువ.

సాయంత్రం ల్యాప్‌టాప్ అట్లాగే పెట్టి టీ తాగడానికి లేచాను. తిరిగొచ్చేసరికి నాయన చూస్తున్నాడు. నాయన పదో తరగతి దాకా చదివాడు, నిదానంగా చదువుతాడు. నీరాంబ వరస మీద వేలు పెట్టి ఉన్నాడు.

"31 అంటే ఫెయిలే గదా?"

ఊరికే రాసినాలే నాయనా, గేమ్ అది, అన్నాను.

"మీ జేజినాయనకు 180 అడుగులకు పడింది రా గంగ. రెండించుల నీళ్ళు. పన్నెండేండ్లు రాత్రీ పగలూ పోసింది. మేము తోడినాము. ఆ లెక్క యాడ రాసినావు?"

అని చెప్పి గేదెకు మేత వేయడానికి పోయాడు. కోపంగా అనలేదు. కోపంగా అనింటే నాకు సులభంగా ఉండేది.

మా చేను మూడెకరాలు. చీనీ తోట. మా పక్క చీనీ అంటే బత్తాయి. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు పాత బోరు ఎండింది. కాపుకొచ్చిన చెట్లు, వదలలేరు. నీళ్ళు చూసేటాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు, కాయ నిలబడిన చోట గీత గీసి ఇక్కడ వేయండన్నాడు. 600 అడుగులు, దుమ్ము. ఇంకోచోట 850, దుమ్ము. మూడోది వెయ్యి. ఆ రాత్రి నేను కూడా ఉన్నాను. బోరు లారీ చప్పుడుకు మాటలు వినపడవు. రాడ్ దిగిన ప్రతిసారీ నాయన వేళ్ళు ముడుస్తున్నాడు, ఒక్కో రాడ్‌కు ఎంత లెక్కో ఆయనకు తెలుసు. తెల్లటి దుమ్ము ఆయన తల మీద, భుజాల మీద పడి, ముసలాయన మాదిరి కనిపించాడు. తెల్లారి ఒక ట్యాంకర్ తెప్పించి చెట్టుకు ఇన్ని బిందెలని పోశారు. రెండు నెలలకు అదీ నిలిపేశారు. తర్వాత చెట్లు కొట్టి కట్టెలకు అమ్మారు.

ఆ 31 ఆ రాత్రి వేసిన మార్కులు. హాస్టల్లో రాత్రి రెండు గంటలకు టైప్ చేసేటప్పుడు ఆ సంగతి నాకే తెలియలేదు.

గండి అంజనేయస్వామి కథ మీలో కొందరు వినే ఉంటారు. వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండను చీల్చుకుని వచ్చే చోట గుడి. రాముడే బాణం కొనతో రాతి మీద ఆంజనేయుడి బొమ్మ గీశాడని, ఎడమచేతి చిటికెన వేలు గీయకుండానే పోవలసి వచ్చిందని చెబుతారు. తర్వాత ఎవరో శిల్పి ఆ వేలు చెక్కబోతే రాతిలోంచి రక్తం వచ్చిందట. ఆ గండిలో రెండు కొండలకు మధ్య బంగారు తోరణం పుణ్యాత్ములకు కనపడుతుందని, కనపడితే ఇక ఎక్కువ రోజులు ఉండరని కూడా అంటారు. 1827లో కలరాతో పత్తికొండలో పోయిన థామస్ మన్రో దొరకు అది కనిపించిందని మా పక్క గట్టిగా నమ్ముతారు. చిన్నప్పుడు శ్రావణ శనివారాల్లో పోయేవాళ్ళం. తోట పోయాక నాయన రావడం మానేశాడు. ఎందుకని ఎవరమూ అడగలేదు. నా షీట్‌లో అన్ని గడులూ నిండే ఉన్నాయని, ఒక్క దేవుడికీ చిటికెన వేలు తక్కువ పడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రాత్రి 31 తీసేసి గడి ఖాళీగా పెట్టాను. పొద్దున్నే కోడ్ రాసేవాడు ఫోన్ చేశాడు. "ఒరేయ్, నీరాంబ దగ్గర నల్ వస్తోంది, గేమ్ క్రాష్ అవుతోంది, ఏదో ఒక నంబర్ పెట్టు." తర్వాత పెడతానన్నాను. ఇప్పటికీ పెట్టలేదు, వాడు నా మీద కోపంగానే ఉన్నాడు.

సెలవులు అయిపోయే ముందు ఒక పని పడింది. పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ ఉంది కదా, 10 టీఎంసీలది. అక్కడి నీళ్ళు కాలవలోకొచ్చాక మా దిక్కు అరటి తోటలు పెరిగాయి. మేం పెట్టడానికి మొక్కలకు, డ్రిప్‌కు పెట్టుబడి లేదు, పాత బోర్ల అప్పే ఇంకా ఉంది. అందుకని నాయన చేను కౌలుకిచ్చాడు. కౌలుకు తీసుకున్నాయన సోమవారం ట్రాక్టర్ పెడతానన్నాడు. చేని నడుమ, జేజినాయన వేయించిన మొదటి బోరు పక్కన, ఒక రాయి ఉంది. మోకాలెత్తు. గంగ పడిన రోజు జేజినాయన పాతింది. గంగమ్మ. బోరు ఎండినా కేసింగ్ పైపు, రాయి అట్లాగే ఉన్నాయి. జేజి పడిపోయే దాకా శుక్రవారం శుక్రవారం నడిచిపోయి పసుపు పూసి వచ్చేది. ఎండిపోయిన బోరుకు పూజేంటని నేనే ఒకసారి నవ్వాను.

టెర్రీ ప్రాచెట్ స్మాల్ గాడ్స్ (1992) అని ఒక నవల రాశాడు. అందులో ఓమ్ అనే మహా దేవుడికి పెద్ద దేశం, గుళ్ళు, పూజారులు అన్నీ ఉంటాయి, నిజంగా నమ్మేవాడు మాత్రం ఒక్క కుర్రాడే మిగులుతాడు. అందుకే ఆ దేవుడు తాబేలుగా ఇరుక్కుపోతాడు. హాస్టల్లో చదివినప్పుడు భలే కామెడీ అనుకున్నాను. ఆదివారం పొద్దున గడ్డపార భుజాన వేసుకుని చేనికి పోతుంటే కామెడీగా అనిపించలేదు. రాయి మీద పసుపు వాన నీళ్ళకు పోయి ఆరు నెలలైంది.

"పక్కకు జరిపి గెనిమ మీద పెట్టు" అని మాత్రం నాయన చెప్పాడు. తను రానన్నాడు. జేజి చాలా చెప్పింది. ముందు చెంబుతో నీళ్ళు పోయాల. కాయ కొట్టాల. ఇంటికి చుట్టాన్ని పిలిచినట్టు రామ్మా అని పిలవాల, పిలవకుండా గడ్డపార వేయకూడదు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని పిలిచాను. నాకు నమ్మకం ఉందా అంటే ఇప్పటికీ లేదు. కానీ గొంతు మాత్రం సరిగ్గా రాలేదు.

రాయి అనుకున్నంత లోతు లేదు. దాని కింద రెండు రాగి పైసలు ఉన్నాయి, వాటిని మళ్ళీ గెనిమ మీద తవ్విన గుంతలోనే వేసి, పైన రాయి నిలబెట్టి మట్టి కూరాను. పసుపు పూశాను, కుంకుమ పెట్టాను. ఇంటికి వీడియో కాల్ చేస్తే అమ్మ ఫోన్‌ను జేజి ముఖం ముందు పెట్టింది. జేజి కళ్ళు చిట్లించి చాలాసేపు చూసింది.

"యా పక్క మళ్ళిచ్చి పెట్టినావు మొగం?"

తూర్పుకు జేజీ, దేవుళ్ళకు తూర్పే కదా, అన్నాను.

"తూర్పుకెందుకురా? కాలవ దిక్కు తిప్పు. నీళ్ళు ఇప్పుడు ఆ పక్కనుంచి గదా వచ్చేది."

మళ్ళీ గడ్డపార తీసుకున్నాను.