నాలుగు తీగల సంగతి

రేడియో ట్రాన్స్‌సీవర్‌కూ డేటా కంట్రోలర్‌కూ మధ్య ఉండాల్సినవి ముఖ్యంగా నాలుగే తీగలు: పంపే ధ్వని, అందుకునే ధ్వని, పిటిటి (రేడియోను ప్రసారంలోకి మార్చే తీగ), గ్రౌండ్. హ్యాములు, అంటే అమెచ్యూర్ రేడియోవాళ్లు, టిఎన్‌సి అని పిలిచే ఈ కంట్రోలర్, కంప్యూటర్‌లో కొట్టిన అక్షరాలను ఏఎక్స్.25 ప్యాకెట్లుగా కట్టి, 1200, 2200 హెర్ట్జ్ స్వరాలుగా మార్చి రేడియోకు ఇస్తుంది. వేగం సెకనుకు 1200 బిట్లు. ఇప్పటి లెక్కన నత్తనడకే కానీ ఊరి పేరు, చెరువు నీటిమట్టం, కావాల్సిన సాయం చెప్పడానికి సరిపోతుంది. 2022 జులైలో కడెం ప్రాజెక్టు మీదికి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిపడినప్పటి పరిస్థితిని తలచుకుంటే, సెల్ టవర్ల మీద ఆధారపడని ఇలాంటి దారి ఒకటి ఉండటం మంచిదే అనిపిస్తుంది.

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి అమెరికా వెళ్లినవారికి అక్కడ హ్యామ్ లైసెన్సు రావడం పెద్ద కష్టం కాదు. తొలిమెట్టు పరీక్షలో 35 ప్రశ్నలకు 26 సరిగ్గా రాస్తే చాలు. 2007 నుంచి మోర్స్ కూడా అక్కర్లేదు. ఇబ్బంది సెలవులకు ఊరొచ్చినప్పుడే. అక్కడి లైసెన్సు ఇక్కడ దానంతటదే చెల్లదు, భారత ప్రభుత్వ అనుమతి లేకుండా రిగ్ (రేడియో సెట్) వెంట తేవడం తెలివైన పని కాదు. కరెంటుతో మాత్రం చిక్కు లేదు. చాలా రిగ్గులు నడిచేది 13.8 వోల్టుల డీసీ మీద కనుక, అమెరికా 120 వోల్టుల పవర్ సప్లైని అక్కడే వదిలేసి ఇక్కడ 230 వోల్టులదో, కారు బ్యాటరీనో వాడుకోవచ్చు.

అసలు పని పిన్నుల దగ్గర మొదలవుతుంది. టిఎన్‌సి-2 తరహా కంట్రోలర్లకు వెనుక ఐదు పిన్నుల గుండ్రటి డిన్ సాకెట్ ఉంటుంది: 1 పంపే ధ్వని, 2 గ్రౌండ్, 3 పిటిటి, 4 అందుకునే ధ్వని, 5 స్క్వెల్చ్ (సిగ్నల్ వస్తోందో లేదో చెప్పేది). యాయెసు, ఐకామ్, కెన్‌వుడ్ రిగ్గుల్లో చాలావాటికి ఉండే డేటా సాకెట్‌కు ఆరు పిన్నులు. మొదటి మూడూ అంకెకు అంకె సరిపోతాయి. ఆ ధీమాతోనే నాలుగును నాలుగుకు కలిపేస్తారు. రిగ్‌లో 4వ పిన్ 9600 బాడ్ కోసం; 1200కు కావాల్సిన ధ్వని వచ్చేది 5వ పిన్ నుంచి. స్క్వెల్చ్ ఆరులో ఉంటుంది. తప్పుగా కలిపినా ఒక్కోసారి ప్యాకెట్లు పడుతూనే ఉంటాయి కాబట్టి ఈ పొరపాటు ఓ పట్టాన దొరకదు.

ఆ ఆరు పిన్నుల ప్లగ్ పాత కంప్యూటర్ కీబోర్డుదే. పాత కీబోర్డు తీగ కోసి వాడుకోవచ్చని సలహా ఇచ్చేవారు ఎక్కువే. కీబోర్డుకు 2, 6 పిన్నులతో పనిలేదు, అందుకే ఆ తీగల్లో చాలావాటికి అవి ఉండనే ఉండవు. రిగ్‌కు గ్రౌండ్ ఆ రెండో పిన్నే. కోయకముందే మీటర్ పెట్టి చూడాలి. లేదంటే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ప్లగ్ కొనుక్కోవడం మేలు.

చేతిలో పట్టుకునే సెట్లది వేరే దారి. కొన్ని పాత సెట్లలో మైకు, పిటిటి ఒకే తీగ మీద ఉంటాయి. అక్కడ పిటిటిని సుమారు 2.2 కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా, ధ్వనిని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా కలపాలి. కెపాసిటర్ మరిస్తే సెట్ ప్రసారంలోనే ఇరుక్కుపోవచ్చు.

తీగలు కుదిరాక మిగిలేది ధ్వని స్థాయి. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. గట్టిగా పంపితే దూరం పోతుందనుకోవడం భ్రమ. రిగ్ డేటా సాకెట్ 1200 బాడ్‌కు ఆశించేది దాదాపు 40 మిల్లీవోల్టులే. డీవియేషన్ 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటే చాలు. కొలిచే పరికరం లేకపోతే రెండో రేడియోలో వింటూ స్థాయి పెంచాలి. శబ్దం ఇక పెరగని చోట ఆగి, అక్కడి నుంచి బాగా తగ్గించాలి. ప్రసారం మొదలైన క్షణంలోనే డేటా పోకుండా టీఎక్స్ డిలే 300 మిల్లీసెకన్లు ఉంచితే క్షేమం. ప్రసారం చేస్తుండగా కంట్రోలర్ పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తే కేబుల్‌కు షీల్డ్, రెండు చివర్లా ఫెరైట్ ముక్కలు పడాలి.

కరీంనగర్, ఆదిలాబాద్ మధ్య నేరుగా దాదాపు 150 కిలోమీటర్లు. 144 మెగాహెర్ట్జ్ తరంగాలు మైదానంలో మామూలుగా అంతదూరం పోవు; మధ్యలో నిర్మల్ ఘాట్ల లాంటి ఎత్తున డిజిపీటర్ (ప్యాకెట్లను అందుకుని తిరిగి ప్రసారం చేసే కేంద్రం) ఉండాలి. అది లేకపోయినా, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని డిజిపీటర్ 145.825 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తున్నప్పుడు, అది తలమీదుగా వెళ్లే ఆ కొన్ని నిమిషాల్లో ఇవే నాలుగు తీగలతో పలకరించవచ్చు. లైసెన్సు కావాల్సినవారికి శిక్షణ ఇచ్చే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. విదేశాల నుంచి రిగ్ తెచ్చుకునేవారు ముందు అనుమతి తీసుకుని, దాంతోపాటు మాన్యువల్ కూడా తెచ్చుకోవాలి.