దర్బారు కట్టిన చెయ్యి

ఫోటో తీసే విద్యకు మన రెండు భాషలూ రెండు పేర్లు పెట్టుకున్నాయి. తెలుగులో అది ఛాయాగ్రహణం. ఛాయ అనగా నీడ. ఉర్దూలో అది అక్కాసీ. అక్స్ అనగా ప్రతిబింబం. నీడకు ముఖం ఉండదు, ప్రతిబింబానికి ఉంటుంది. నిఘంటువులో ఏనాడో చదివిన ఈ భేదం, గత సంవత్సరం ఫిల్మ్‌నగర్‌లో ఒక వడ్రంగి మేస్త్రి చెప్పేదాకా నాకు బోధపడలేదు.

మన కళాశాల ఉర్దూ, తెలుగు విద్యార్థులను జంటలుగా చేసి ఒక చిత్రప్రదర్శనకు పూనుకున్నాము. ఒకరు ఫోటో తీయాలి. దాని క్రింద ఇద్దరూ తమ తమ భాషలలో ఒక్కొక్క మాట వ్రాయాలి. తెర వెనుక శ్రమించేవారే మా విషయం. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిన నాటికి ఈ జూబిలీహిల్స్ వైపంతా రాళ్లగుట్టలే. మద్రాసు నుండి తారలతోపాటు వడ్రంగులూ, రంగులవారూ, దర్జీలూ ఇక్కడికి తరలివచ్చారు. తారల ముఖాలు గోడగోడకూ ఉన్నాయి. తక్కినవారివి ఎక్కడ?

ఒక స్టూడియోలో రాజదర్బారు లేస్తున్నది. ముందువైపు పాలరాతి స్తంభాలు. వెనుకకు వెళ్లి చూస్తే ప్లైవుడ్డు, సరుగుడు బాదులు, మేకులు. అక్కడ సుత్తి పట్టిన వృద్ధుడైన మేస్త్రి చేతికి చూపుడువేలు సగమే ఉన్నది. మా విద్యార్థి ఆ చేతిని మాత్రమే ఫోటో తీశాడు. నేను మెచ్చుకున్నాను; ప్రదర్శన ద్వారం వద్దనే పెట్టించాను. తెలుగు విద్యార్థి ‘అలసిన చెయ్యి’ అని వ్రాశాడు. ఉర్దూ విద్యార్థి ‘మజ్బూరీ’ అన్నాడు. చూసినవారందరూ “అయ్యో” అన్నారు.

మేస్త్రి గారిని కూడా పిలిచాము. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని వచ్చారు. చాలాసేపు ఆ ఫోటో ముందు నిలబడి, “మాస్టారూ, చెయ్యి నాదే. మరి నేను కట్టిన దర్బారేదండీ?” అన్నారు.

నా వద్ద సమాధానం లేదు. ఆయనే మెల్లగా చెప్పారు: “ముప్ఫై ఏళ్లుగా కోటలు కట్టాను, గుళ్లు కట్టాను, కోర్టులు కట్టాను. షూటింగు కాగానే విప్పేస్తారు. నేను కట్టినదాని పక్కన నేను నిలబడ్డ ఫోటో ఒక్కటీ లేదు. మనవలకు చూపిద్దామంటే ఏముంది బాబూ?”

“రేపే వచ్చి తీస్తాము, మేస్త్రీ గారూ” అన్నాను.

ఆయన నవ్వారు. “నిన్ననే విప్పేశారండీ.”

ఆ రాత్రి నాకు రాజా దీన్‌దయాళ్ గుర్తుకు వచ్చారు. ఆరవ నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ బిరుదునిచ్చి గౌరవించాడు. ఆయన చిత్రాలలో ప్రభువులు తాము కనబడదలచినట్లే కూర్చున్నారు. గుర్రపు కళ్లెం పట్టినవాడు కూడా ఆ చిత్రంలోనే ఉన్నాడు గాని, అతని ఇష్టం ఎవరడిగారు? పరదా స్త్రీల కోసం 1892లో ఆయన హైదరాబాదులో ప్రత్యేక జనానా స్టూడియో తెరిచారు; అక్కడ ఫోటో తీసేదీ స్త్రీయే. తాము ఎవరి ఎదుట, ఎట్లా కనబడాలన్నది వారి ఇష్టమేనని ఆనాడే అంగీకరించారన్న మాట. మేము మాత్రం ఒక మనిషిలో తెగిన వేలును చూసి, మిగిలిన వేళ్లు లేపిన దర్బారును చూడలేకపోయాము. కెమెరా అబద్ధమాడలేదు, మా దయ అతని పనితనాన్ని కప్పివేసింది.

మరునాడు విద్యార్థులు ఆ ఫోటోను తీసివేస్తామని ఆయనకు ఫోను చేశారు. “ఉండనీయండి, రాత మార్చండి” అన్నారాయన. ఏమని వ్రాయాలో ఆయననే అడిగారు. ‘దర్బారు కట్టిన చెయ్యి’ అని రెండు లిపులలోనూ వ్రాశారు. ఫోటో అదే. నిన్న “అయ్యో” అన్నచోట నేడు వచ్చినవారు “ఏ దర్బారు?” అని అడగసాగారు.

విద్యార్థి మిత్రులారా, మీ అందరి జేబులలోనూ నేడు కెమెరా ఉన్నది. ఎవరినైనా ఫోటో తీయబోయే ముందు, మీరెట్లా కనబడదలచారని ఒక్క మాట అడగండి. మళ్లీ సెట్టు లేచినప్పుడు కబురు చేస్తానన్నారు మేస్త్రి గారు. ఈ సంచిక అచ్చుకు వెళ్లే నాటికి ఆ కబురు రాలేదు. మేము మాత్రం సిద్ధంగానే ఉన్నాము.