తాత పంచె ఏ పొరలో?

తెలుగులో బొంతకు మంచి పేరు లేదు. "గంతకు తగ్గ బొంత" అని ఎవరినైనా అంటే అది పొగడ్త కాదు. పేపర్లో "అతుకుల బొంత" అనే హెడ్డింగ్ కనిపిస్తే, అది ఎప్పుడు పడిపోతుందో తెలియని సంకీర్ణ ప్రభుత్వం గురించి అని చదవకుండానే అర్థమైపోతుంది. మా ల్యాబ్‌లో నాలుగు చోట్ల నుంచి తెచ్చి అతికించిన ప్రోగ్రామ్‌కు సీనియర్లు పెట్టే పేరు కూడా అదే. ఇన్ని తిట్లు తింటున్న ఆ వస్తువు మీదే నేను పుట్టినప్పటి నుంచి పడుకుంటున్నాను. అందుకే దాని తరఫున నాలుగు మాటలు రాయాలనిపించింది.

మాది అనంతగిరి. హాస్టల్‌లో ఈ పేరు చెప్పగానే "వికారాబాద్ గుట్టలా?" అంటారు. కొందరు అరకు దారిలో ఉన్న అనంతగిరి అనుకుంటారు. రెండూ కాదు. మాది కోదాడ పక్కన, సూర్యాపేట జిల్లా. 2016లో జిల్లాలు మారినప్పుడు మా ఊరు మండలం అయింది. గుట్టలు, కాఫీ తోటలు చూద్దామని వచ్చేవాళ్లకు మేం చూపించగలిగేది వరి పొలాలే.

"క్విల్ట్" అనే మాట నాకు మూడో తరగతి ఇంగ్లిష్ రీడర్‌లో పరిచయమైంది. బొమ్మలో బయట మంచు కురుస్తుంటే, లోపల మంచం మీద గళ్లగళ్ల దుప్పటి. స్పెల్లింగ్‌లో క్యూ తర్వాత యు వస్తుందని బట్టీ పట్టాను. ఆ రాత్రి ఇంట్లో నేను కప్పుకున్నది కూడా అదేనని ఆ పుస్తకం చెప్పలేదు, ఇంట్లో ఎవరికీ ఆ మాట తెలియదు. ఇంగ్లిష్ మీడియంలో చదివిన మనందరికీ ఇలాంటివి కొన్ని ఉంటాయి. వస్తువు ఒకటే, కానీ దాని రెండు పేర్లు ఒకదానికొకటి పరిచయం లేకుండా పెరుగుతాయి.

పైకి చూస్తే బొంత అంటే పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి కుట్టడమే. కానీ పనిలో సగం సూది పట్టకముందే ఉంటుంది. ముందు చీరలు ఏరాలి. నూలువే కావాలి. పాలియెస్టర్ చీర జారిపోతుంది, పొర నిలవదు, చెమట పీల్చదు. ఫాల్ ఊడదీయాలి. జరీ అంచు ఒంటికి గీసుకుంటుంది కాబట్టి కత్తిరించాలి. గంజి పూర్తిగా పోయేదాకా నానబెట్టి, ఉతికి, ఎండబెట్టాలి. ఆరు గజాల చీరను మూడు మడతలు వేస్తే ఒక మనిషి పడుకునేంత కొలత వస్తుంది. గట్టిగా ఉన్నవి పైకీ కిందికీ, చిరుగులు పట్టినవి లోపలికి. "పైది బరువు మోస్తది, లోపలిది వెచ్చగ ఉంచుతది" అంటుంది మా నాయనమ్మ. ఫిజిక్స్ ప్రకారం కూడా అది నిజమే. పొరల మధ్య చిక్కుకున్న గాలే వేడిని బయటికి పోనివ్వదు.

నేల మీద పరిచి నాలుగు మూలలా ఇటుకలు పెడుతుంది. ముడతలు లేకుండా అరచేత్తో తోసి, పెద్ద పెద్ద టాకాలు వేస్తుంది. అవి చివర్లో పీకేసేవే. తర్వాత అసలు కుట్టు. అంచు నుంచి మొదలుపెట్టి నాలుగు వైపులా తిరిగి, ఒక వేలెడు లోపలికి జరిగి, మళ్లీ నాలుగు వైపులా తిరిగి, అలా పోయి పోయి మధ్యలో ఆగుతుంది. ప్లేస్‌మెంట్‌లకు ప్రిపేర్ అవుతున్నవాళ్లు ఈపాటికి గుర్తుపట్టే ఉంటారు. స్పైరల్ మ్యాట్రిక్స్! నాలుగు హద్దులు పెట్టుకుని, ఒక్కో వైపు పూర్తవగానే ఆ హద్దును ఒకటి లోపలికి జరుపుతాం కదా, అదే ఇది. ఆ ప్రాబ్లమ్ మొదటిసారి చూసినప్పుడు నాకు కోడ్ కంటే ముందు బొంత కనిపించింది. ఈ సంగతి నాయనమ్మకు చెబితే, "అయితే దానికి నీకు జీతం ఎంతిస్తరు?" అని అడిగింది.

ఇలా కుట్టేది మా నాయనమ్మ ఒక్కతే కాదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు ఉంటారు. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. ఆ ఆడవాళ్లు కుట్టే కవండి కూడా అంచున మొదలై మధ్యలో పూర్తవుతుంది. మూలల్లో బట్టముక్కలు మడిచి కుట్టి వాటిని పువ్వులు అంటారు. బెంగాల్‌లో కాంథా, బీహార్‌లో సుజని, మహారాష్ట్రలో గోధడి. పాత చీర పారేయడానికి చేతులు రానివాళ్లు దేశమంతా ఉన్నారు.

ఈ ఏడాది మా ఇంట్లో బొంత మామూలు పని కాలేదు. అక్క తొలి కాన్పుకు ఇంటికి రావాలి. మా వైపు పుట్టిన బిడ్డకు పురుడు అయ్యేదాకా కొత్త బట్ట వేయరు, మెత్తబడిన పాత నూలు బట్టే వాడతారు. అందుకని చిన్న బొంత ముందే సిద్ధంగా ఉండాలి. కోదాడ పోయి మింక్ దుప్పటి కొంటే గంటలో అయిపోయే పనే. కానీ అది పసిబిడ్డ కింద వేసేది కాదు.

ఇక్కడ నాయనమ్మ కళ్ల సమస్య వచ్చింది. శుక్లాలు. ఆపరేషన్ తేదీ కాన్పు కంటే ముందే పడింది. తర్వాత కొన్నాళ్లు వంగి పని చేయొద్దన్నారు డాక్టర్ గారు. ఈలోపే బొంత అయిపోవాలని ఆమె పంతం. కుట్టడానికి చేతులు చాలు అంటుంది గానీ, సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం కళ్లు కావాలి. అందుకే ఆదివారం సాయంత్రం బస్సెక్కే ముందు నేను ఇరవై సూదులకు దారం ఎక్కించి, పాత క్యాలెండర్ అట్టకు వరసగా గుచ్చి పెట్టేవాణ్ణి. వారానికి ఇరవై సూదులు. శుక్రవారం ఫోన్ చేసి "ఇంక మూడే ఉన్నయి బిడ్డా" అనేది. అది సూదుల లెక్క కాదు. ఈ వారం వస్తున్నావా అని అడగడం.

గొడవ మూడో పొర దగ్గర వచ్చింది. నాయనమ్మ ట్రంకు పెట్టెలోంచి తాత పంచె తీసింది. తాత పోయి రెండేళ్లు. పెద్దకర్మ అయ్యాక బట్టలన్నీ ఇచ్చేశారు, ఆ ఒక్క పంచె ఆమె దగ్గర ఉండిపోయింది. వందల సార్లు ఉతికిన నూలు, చేత్తో పట్టుకుంటే జారిపోయేంత మెత్తన.

"పోయినోళ్ల బట్ట పసిబిడ్డ కిందనా? వద్దు అత్తమ్మా" అంది అమ్మ.

"పెద్దోళ్ల బట్టల పండుకుంటే ఆయుష్షు అని నువ్వే అంటివి గదా."

"బతికున్న పెద్దోళ్ల బట్ట."

ఆ మాట తర్వాత ఇద్దరూ ఏమీ అనలేదు. రెండు రోజులు ఇటుకలు మూలల మీద అలాగే ఉన్నాయి. మేమంతా వాటిని దాటుకుంటూ తిరిగాం. నాయనమ్మ పక్కన నిలబడటం నాకు సులువే. కానీ అక్కకు మూడో నెలలో రెండు వారాలు బెడ్ రెస్ట్ చెప్పినప్పుడు అమ్మ ఎన్ని రాత్రులు నిద్రపోలేదో కూడా నేను చూశాను. ఆ భయాన్ని మూఢనమ్మకం అని ఒక్క మాటలో కొట్టేయడానికి నాకు నోరు రాలేదు.

మూడో రోజు, ఇద్దరూ చాటల్లో బియ్యం చేరుగుతుంటే, ఫోన్‌లో చదివిన ఒక సంగతి చెప్పాను. అమెరికాలో, అలబామా రాష్ట్రంలో, నది వంపులో జీస్ బెండ్ అనే ఊరు ఉంది. అక్కడి నల్లజాతి కుటుంబాల పూర్వీకులు పత్తి తోటల్లో బానిసలు. ఆ ఊరి ఆడవాళ్లు తరతరాలుగా పాత బట్టలతో బొంతలు కుట్టారు. 2002లో వాటిని హ్యూస్టన్ మ్యూజియంలో, తర్వాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో గోడలకు పెట్టి చూపించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో పది స్టాంపులు వేసింది. ఆ ఊరి మిస్సౌరీ పెట్‌వే అనే ఆమె, భర్త చనిపోయాక, 1942లో ఆయన పొలం పనికి వేసుకున్న బట్టలన్నీ విప్పి ఒక బొంతగా కుట్టింది. కూతురు ఆర్లోన్‌జియా సాయం చేసింది. ఆయన గుర్తుగా ఉంటుందని, కప్పుకోవచ్చని.

నాయనమ్మ ఫోటో పెద్దది చేయమని, ఫోన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "కొలత సరిగ్గ లేదు. గని మంచిగుంది" అంది. అమ్మ చాట ఆపకుండానే, "ఆమె తన కోసం కుట్టుకుంది. అది వేరు" అంది. నాయనమ్మ కాసేపాగి, "అవును, అది వేరే" అంది. మ్యూజియం, స్టాంపులు, ఏవీ పనిచేయలేదు. కానీ రెండు రోజుల తర్వాత ఇద్దరూ ఒకే విషయం మీద మాట్లాడుకున్నారు.

తేల్చింది అక్క. వచ్చిన రోజే కథంతా విని, పంచె చేతిలోకి తీసుకుంది. "నా బిడ్డకు తాత ఎట్ల తెలవాలె మరి? ఫోటోలో చూస్తే నవ్వకుండ పోలీసోని లెక్క కూసున్నడు" అంది. తర్వాత అమ్మతో, "భయమైతే పసుపు పెట్టమ్మా, కొత్త బట్టకు పెడతవు గదా" అంది.

అమ్మ మూలకు బొట్టులా పెట్టి ఊరుకోలేదు. బకెట్‌లో పసుపు కలిపి పంచె మొత్తం ముంచింది. ఆరాక తనే తెచ్చి మూడో పొరగా పరిచి, ముడతలు తోసి, ఇటుకలు మళ్లీ పెట్టింది. "పసుపు మంచిదే, పురుగు పట్టదు" అంది నాయనమ్మ. ఇద్దరిలో ఎవరు నెగ్గారో ఇప్పటికీ చెప్పలేను.

ఆపరేషన్‌కు ముందు రోజుకు మధ్యలో రెండు చుట్లు మిగిలాయి. అవి నేను కుట్టాను. పాప పుట్టి ఇప్పుడు నెల దాటింది. ఆ పంచె పైకి కనిపించదు. అది లోపల ఉందని మా ఇంట్లో నలుగురికే తెలుసు, ఇప్పుడు మీకు కూడా. నాయనమ్మ కొత్త కళ్లద్దాలతో నా కుట్టు చూసి "వంకర" అంది. విప్పమని మాత్రం అనలేదు.

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్తారు కదా. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె మీ వీధికీ వస్తుంది. మూట ఆమె చేతికి ఇచ్చే ముందు ఒకసారి విప్పి చూడండి. ఏవి నూలువో చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. ఏది ఎవరిదో మీ అమ్మనో, నాయనమ్మనో, అమ్మమ్మనో అడగండి. కుట్టే చేతులు ఇంట్లో ఉంటే, మనం చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఇరవై సూదులకు దారం ఎక్కించడానికి నాకు పావుగంట పడుతుంది.