బ్యాంకాక్‌లో మన రాముడూ, మన టేకూ

రండి, ఇట్లా అరుగు మీద కూర్చోండి. బ్యాంకాక్ పోయొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా టేకులపల్లి సెంటర్లో ఎవరు ఎదురుపడ్డా ఒకటే ప్రశ్న: ‘ఏం కొనుక్కొచ్చావు?’ అయ్యా, ఏం చూసొచ్చావని ఒక్కరైనా అడగరేం? మీరైనా అడగండి. అడగకపోయినా చెప్తాననుకోండి. టీ పొయ్యి మీదుంది, తొందరేం లేదు.

భద్రాచలం పక్కన పుట్టిన మనిషికి బ్యాంకాక్ పరాయి ఊరు కాదు. చిన్నప్పుడెప్పుడో దూరమైపోయిన పెద్దమ్మగారింటికి పోయినట్టుంటుంది. వంట వేరు, మాట వేరు. గోడ మీద పటాలు మాత్రం మనింట్లోవే.

నమ్మరా? సరే, పేరు దగ్గరే మొదలెడదాం. బ్యాంకాక్ అనేది మనం పిలిచే పేరు. వాళ్ళు క్రుంగ్ థేప్ అంటారు. థేప్ అంటే దేవ. దేవతల నగరమన్నమాట. అది కూడా ముద్దుపేరే. పూర్తి పేరు బొగ్గు రైలంత పొడుగు, ప్రపంచంలోకెల్లా పొడవైన ఊరి పేరని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. వ్యానులో మా గైడమ్మ గుక్క తిప్పుకోకుండా చదువుతుంటే, నేను ఒక్కో పెట్టెనూ గుర్తుపట్టడం మొదలెట్టాను. మహానఖోన్... మహానగరం! రత్తన... రత్నం! మహింతర... మహేంద్ర! అయుథయా... ఇంకేముంది, అయోధ్య! చిట్టచివరి పెట్టెలో విశ్వకర్మ. ఇంద్రుడు చెప్తే విశ్వకర్మ కట్టిన ఊరట.

అంతటితో ఆగానా? ఆమెను వదల్లేదు. ఫోనును మీరేమంటారమ్మా అంటే ‘థోరసప్’ అంది. దూర శబ్దం! టీవీని? ‘థోరథత్’. దూరదర్శనం! మనం దూరదర్శన్ చూడటం మానేశాం గానీ, అక్కడ ప్రతి ఇంట్లోనూ అదే. తిండిని ఆహాన్ అంటారు. వాళ్ళ కొత్త సంవత్సరం ఏప్రిల్ 13న వస్తుంది, పేరు సోంగ్‌క్రాన్. మన సంక్రాంతే, నోరు తిరిగిన తీరు వేరు. కార్తీక మాసంలో మన ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళల్లో వదులుతారు చూడండి, వాళ్ళూ అదే రోజుల్లో పున్నమినాడు అరటి బోదె ముక్క మీద ఆకులూ పూలూ గుచ్చి, దీపం పెట్టి నదిలో వదులుతారు. ఇప్పుడు చెప్పండి, పెద్దమ్మగారిల్లా కాదా?

పొద్దున ఎనిమిదింటికే రాజభవనం ముందు దింపారు. మన గడియారం ప్రకారం ఆరున్నర, మా ఆవిడకింకా నిద్రమత్తు. ఒక్క మాట, మీరు పోయేటప్పుడు మోకాళ్ళూ భుజాలూ కనపడే బట్టలు వేసుకోకండి, లోపలికి రానివ్వరు. మా ఆవిడ చీరలో దర్జాగా నడిచిపోయింది. బయట ఎవరైనా టుక్‌టుక్ ఆపి ‘ఇవాళ మూసేశారు, వేరే గుడికి తీసుకెళ్తా’ అంటే నమ్మకండి. టుక్‌టుక్ అంటే ఏంటనుకున్నారు? మన ఆటోకి తమ్ముడు.

ఈ ఊరిని 1782లో కట్టించిన రాజు మొదటి రాముడు. ఆయన వంశంలో అందరూ రాములే. ఇప్పుడు గద్దె మీదున్నది పదో రాముడు. నాలుగో రాముడి పేర రోడ్డుంది, తొమ్మిదో రాముడి పేర వంతెనుంది. తహసీల్దారు గోపన్న ఒక్క రాముడికి గుడి కట్టించి గోల్కొండ చెరసాలకు పోయాడని పాడుకునే ఊళ్ళవాళ్ళం మనం. ఇంతమంది రాముళ్ళను ఒక్కసారి వింటే కళ్ళు తిరగవూ?

రాజభవనం ఆవరణలోనే ఉన్న గుడి గేటు దగ్గర ఇంకో ఆశ్చర్యం. తాటిచెట్లంత యక్షులు కాపలా నిలబడ్డారు. అందులో ఒకాయన పచ్చటి ఒళ్ళు, తల మీద తలలు. ఎవరమ్మా అంటే ‘తోసకన్’ అంది గైడమ్మ. దశకంఠుడు! రావణుడండీ! మన పర్ణశాలలో సీతమ్మను ఎత్తుకుపోయినవాడు, ఇక్కడ బుద్ధుడి గుమ్మం ముందు గద పట్టుకుని బుద్ధిగా కాపలా. పర్ణశాల రాళ్ళ మీద సీతమ్మ చీర ఆరేసిన గుర్తులు చూస్తూ పెరిగిన కళ్ళివి. ఆ కళ్ళకు ఆ దృశ్యం ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి.

లోపల కొలువున్నది మరకత బుద్ధుడు. పేరుకు మరకతమే గానీ చెక్కింది పచ్చరాతితో. ఎత్తు 66 సెంటీమీటర్లు, అంటే మూరన్నర. ఎండాకాలం, వానాకాలం, చలికాలం, మూడు కాలాలకు మూడు బంగారు వేషాలు. కాలం మారినప్పుడల్లా రాజుగారే మారుస్తారు. మన దేవుళ్ళకు అలంకారాలు కొత్తా ఏమిటి? మా ఆవిడ చేతులు జోడించి, ‘చలికాలంలో దుప్పటి కూడా కప్పుతారా?’ అని అడిగింది. కప్పుతారట! బంగారు తీగె వల లాంటిది.

అసలు విందు చుట్టూ ఉన్న మంటపం గోడల మీదుంది. 178 చిత్రాలు. రామాయణమంతా, వాళ్ళ మాటలో రామకియెన్. మొదటి రాముడు కొలువు కవులతో కలిసి రాయించిన కథ. రాముడు ఫ్రా రామ్, లక్ష్మణుడు ఫ్రా లక్, సీత సీదా. అందరికీ థాయ్ కిరీటాలు, జరీ బట్టలు. వానరసేన నదిలా పోతుంటే అక్కడక్కడా బంగారం తళుక్కుమంటుంది. మా గ్రూపువాళ్ళు ఫోటోలు దిగి అవతలికి పోయారు. నేను కదల్లేదు. గైడమ్మ జెండా ఊపుతూనే ఉంది.

ఒక చిత్రం దగ్గర ఆమె నవ్వు దాచుకుంది. వారధి కడుతుంటే రాళ్ళు మాయమవుతున్నాయి. హనుమంతుడు మునిగి చూస్తే ఒక మత్స్యకన్య, సువన్న మచ్ఛ. సువర్ణ మత్స్యం, రావణుడి కూతురు. ఆ తరవాత? ఇద్దరూ ప్రేమించుకున్నారండీ! మచ్ఛాను అని కొడుకు కూడా. మా గ్రూపులో ఒక పెద్దాయన ‘రామ రామ’ అని చెవులు మూసుకున్నాడు. మీరూ మూసుకోబోతున్నారు, ఆగండాగండి. మైరావణుడి పాతాళంలో కాపలా ఉన్న మత్స్యవల్లభుడు ఎవరి కొడుకు? హనుమంతుడి చెమట బొట్టు మింగిన చేపకు పుట్టాడని మన కథలో చెప్పుకోలేదూ? వాళ్ళ మచ్ఛాను కూడా ఆ మైరావణుడి గుమ్మం దగ్గరే ఉంటాడు. చెమట బొట్టు కాస్తా అక్కడ ప్రేమకథ అయింది, అంతే.

ఇంకా ఉంది. ‘మీ దగ్గర హనుమాన్‌కి పెళ్ళి కాలేదు కదా?’ అంది గైడమ్మ, అది తనకు బాగా తెలిసిన సంగతే అన్నట్టు. నాకెంత ఉత్సాహం వచ్చిందో! అమ్మా, మా ఊరి పక్కనే ఎల్లందు. అక్కడ సువర్చలా సమేత ఆంజనేయస్వామి గుడి ఉంది. సువర్చల సూర్యుడి కూతురు. సూర్యుడి దగ్గర వ్యాకరణాలన్నీ నేర్చుకోవాలంటే గృహస్థు కావాలట, అందుకని స్వామి పెళ్ళి చేసుకున్నాడు, అయినా బ్రహ్మచారిగానే ఉన్నాడు. చదువు కోసం పెళ్ళి చేసుకున్న పెళ్ళికొడుకును ఎక్కడైనా విన్నారా? ఆమె నోరు తెరుచుకుని విని, చిన్న పుస్తకం తీసి రాసుకుంది. ఆ రోజుకు నేనే గైడునయ్యాను, ఆమే యాత్రికురాలు!

తరవాత వాట్ ఫో గుడి. అందులో 46 మీటర్ల బుద్ధుడు పడుకుని ఉన్నాడు. పాదాల మీద ముత్యపు చిప్పలతో పొదిగిన 108 శుభచిహ్నాలు. వెనక వరసగా 108 కంచు గిన్నెలు, ఒక్కోదాన్లో ఒక్కో చిల్లర నాణెం వేసుకుంటూ పోవాలి. టంగు, టంగు, టంగు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. పడవెక్కి చావ్ ఫ్రయా నది దాటితే వాట్ అరుణ్. అరుణుడండీ, సూర్యుడి సారథి. చైనా పింగాణీ ముక్కలు పూలలాగా అతికించిన గోపురం. మెట్లు నిటారు, మోకాళ్ళను అడిగి ఎక్కండి.

మధ్యాహ్నం ఆకలి. గైడమ్మ సోమ్ తమ్ పెట్టించింది. పచ్చి బొప్పాయి కోరు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, నిమ్మరసం, వేరుశనగ గుళ్ళు, అన్నీ రోట్లో వేసి దంచుతారు. రోటి పచ్చడే! మాంసం ముట్టనివాళ్ళు ఎండు రొయ్యలూ చేప నీళ్ళూ వద్దని ముందే చెప్పుకోవాలి. ఖమ్మం మిర్చి తిన్న నోళ్ళం, మేం తట్టుకున్నాం. మా ఆవిడ మాత్రం సంచిలోంచి పండుమిరప పచ్చడి తీసి గైడమ్మ పళ్ళెంలో చెంచాడు వేసింది. ఆమె చెమటలు కక్కుతూ ఇంకో చెంచా అడిగింది! తరవాత కొబ్బరిపాలల్లో తడిసిన జిగురన్నం, పక్కన మామిడిపండు ముక్కలు. దాని గురించి మాట్లాడను. తినాలి.

సాయంత్రం చూపించిందే నాకు అన్నిటికంటే నచ్చింది. నగరం నడిబొడ్డున, పెద్ద రోడ్డు మధ్యలో, ఎర్రటి ఉయ్యాల స్తంభాలు. ఇరవై ఒక్క మీటర్ల ఎత్తు. పేరు సావో చింగ్ చా. 1784లో మొదటి రాముడే వేయించాడు. శివుడు భూమికి దిగొచ్చే పండగలో మనుషులు దీని మీద ఊగి, గెడకు కట్టిన నాణేల సంచిని పళ్ళతో అందుకునేవాళ్ళట. ప్రమాదాలు జరిగి 1935లో ఊగడం ఆపేశారు. పూజ ఆగలేదు, పక్కనే దేవస్థాన్ అనే గుడిలో బ్రాహ్మణులు ఇప్పటికీ చేస్తున్నారు. పండగ పేరు త్రియంపవాయ్. తమిళుల తిరువెంపావై అన్నమాట, మనం ధనుర్మాసంలో వినే తిరుప్పావైకి శివుడి ఇంటి చెల్లెలు. అట్లతద్దికి చింతకొమ్మకు కట్టిన ఉయ్యాల ఊగిన మా ఆవిడ మెడ పైకెత్తి చాలాసేపు చూసింది.

‘ఏ కర్ర?’ అన్నాను. పాత స్తంభాలు పుచ్చిపోతే ఉత్తరాన ఫ్రే అడవుల్నుంచి ఆరు పెద్ద మాన్లు తెచ్చి 2007లో కొత్తగా నిలబెట్టారట. ‘మాయ్ సక్’ అంది గైడమ్మ. టేకు!

ఇంగ్లీషువాళ్ళు టీక్ అనే మాట మన దక్షిణాది నోళ్ళలోంచి పోర్చుగీసుల మీదుగా పోయిందే. మన దేశం, బర్మా, థాయిలాండ్, లావోస్, ఆ చెట్టు తనంతట తాను పుట్టే నేల ఇంతే. మా ఊరి పేరుకు అర్థమేమిటో ఆమెకు చెప్పాను. లేత టేకాకు నలిపితే అరచేయి ఎర్రగా పండుతుందనీ, బడికి పోయేటప్పుడు మేం గోరింటాకు బదులు అదే పెట్టుకునేవాళ్ళమనీ చెప్పాను. ఆ స్తంభాలకున్నది పూసిన రంగే. అయినా నేను నా చెయ్యి చూసుకున్నాను.

శ్రీరామనవమికి రమ్మన్నాను. ముత్యాల తలంబ్రాలు చూపిస్తా, పర్ణశాల తీసుకుపోతా, వచ్చేదారిలో ఎల్లందులో సువర్చలమ్మ గుడి. ‘తప్పకుండా’ అంది, చిన్న పుస్తకంలో తేదీ కూడా రాసుకుంది. ఇప్పుడు చెప్పండి, ఆమె వస్తే మొదటిపూట భోజనం మీ ఇంట్లోనా, మా ఇంట్లోనా?